రెండో నోరు

ఆ వానాకాలంలో మా నాన్నకి ఎన్ని అబద్ధాలు చెప్పానో నాకు తెలియదు. తెలిసుంటే ఆయనకి ఎంతో కొంత మిగిలేది. నూట ఎనభై ఏడు చీటీలు నా నోటి మీదుగా జంటపెట్టెలోకి వెళ్ళాయి. అందులో విన్నవి ఎన్ని, కల్పించినవి ఎన్ని అని అడిగితే ఈ రోజుకీ నీళ్ళు నములుతాను.

నాన్న టైలరు. నలభై ఏళ్ళు ఒకే కొట్లో, ఒకే మిషను మీద కుట్టాడు. అయినా ఆయన అసలు పని అది కాదని అమ్మ అనేది. కొలత టేపు చుట్టూ వేస్తే మనిషి కదలకుండా నిలబడాలి. కదలకుండా నిలబడ్డవాడు ఊరికే ఉండలేక ఏదో ఒకటి మాట్లాడతాడు. ఆ మాటల్లో ఎప్పుడూ విననిది ఒకటి దొర్లిందా, నాన్న చెవులు నిక్కబొడుచుకునేవి. "చెయ్యి ఎత్తండి" అంటూనే చేతిలో ఉన్న సుద్దముక్కతో ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డ అంచు మీద రాసేసుకునేవాడు. ఒకసారి ఎవరిదో కొత్త కోటు లోపలివైపు "నెరసు" అన్న మాట చెరపకుండా అలాగే ఉండిపోయింది. ఆ పెద్దమనిషి కోటు పట్టుకుని కొట్టు దగ్గరికొచ్చి నానా మాటలూ అన్నాడట. ఆ నానా మాటల్లో రెండు కొత్తవి దొరికాయని నాన్న ఇంటికొచ్చి సంబరపడ్డాడు.

రెడీమేడ్ చొక్కాల ప్యాకెట్లలో వచ్చే అట్టల్ని చీటీలుగా కోసేవాడు. చీటీ మీద మాట, అర్థం, చెప్పినవాళ్ళు చేసే పని, ఏ వైపు మనుషులు, తేదీ, దాంతోపాటు ఆ మనిషి ఆ మాటని వాడిన వాక్యం మొత్తం. వాక్యం లేని మాట తల లేని మనిషిలాంటిదని ఆయన అభిప్రాయం. పుస్తకాల్లోంచీ ఏరేవాడు, పొట్లాం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేసేవాడు కాదు. కానీ పుస్తకంలో ఉన్నది ఎక్కడికీ పోదు, నోట్లో ఉన్నది మనిషితోపాటే పోతుందని, ఆయన తొందరంతా నోళ్ళ గురించే.

రెండు రకాల పెట్టెలుండేవి. ఒకరి నోట మాత్రమే విన్న మాట ఒంటిపెట్టెలో ఉంటుంది. వేరే వైపు నుంచి వచ్చి, వేరే పని చేసుకునే ఇంకో మనిషి అదే మాట అదే అర్థంలో అంటే అది జంటపెట్టెలోకి మారుతుంది. ఆ రెండో మనిషికి మనం మాట అందించకూడదు. వస్తువు చూపించో, కబుర్లు చెప్పో, చుట్టూ తిరిగి తిరిగి ఆ మాట అతని నోటి నుంచే రప్పించాలి. "ఇలా అంటారా?" అని అడిగితే జనం మర్యాదకి ఔనంటారు, ఆ ఔను పనికిరాదు. ఒక్కో మాట రెండో నోటి కోసం పాతికేళ్ళు కూడా పెట్టెలో కాచుకుని ఉండేది.

అమ్మ ఆ పెట్టెల్ని "నా సవతులు" అనేది. "వాటి మీద దుమ్ము పడితే ఊరుకోడు, నా మీద పడితే తుమ్ముతాడు" అని నవ్వేది.

మొదటి వాన పడ్డ రోజే నాన్న కొట్టు మెట్టు మీద జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. ఆ వారంలోనే, పుస్తకం వేస్తామని ఏళ్ళ తరబడి ఊరిస్తున్న సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వెయ్యి మాటలుంటే పుస్తకం వేస్తారు, ప్రతి మాటకీ రెండు నోళ్ళుండాలి, వానాకాలం వెళ్ళేలోగా పంపించాలి. జంటపెట్టెల్లో ఉన్నవి ఏడొందల అరవై. ఒంటిపెట్టెల్లో ఎనిమిదొందలకు పైన ఉన్నాయి గానీ ఆయనకి కాళ్ళు లేవు.

నాకున్నాయి. పైగా నా ఉద్యోగం కాటా దగ్గర. లారీలు తూకం వేసే చోటు. ఖాళీ లారీ ఇనుప పలక మీదికి వస్తుంది, బరువు చూసి చీటీ కొట్టిస్తాను. సరుకు ఎత్తుకుని మళ్ళీ వస్తుంది, మళ్ళీ చూస్తాను. డ్రైవరు దిగకుండా కూర్చుంటే అతని బరువు కూడా సరుకులో కలిసిపోతుంది కాబట్టి, దిగమని రోజుకి వందసార్లు మైకులో అరవడం కూడా నా పనే. ఎక్కడెక్కడి నుంచో వచ్చే మనుషులు నా కిటికీ ముందు రోజూ వరస కడతారు. నాన్నకి ఇంతకంటే ఏం కావాలి? రోజూ పొద్దున్నే ఒంటిపెట్టెలోంచి పది చీటీలు తీసి నా టిఫిన్ డబ్బా మీద పెట్టేవాడు.

"తొందరపెట్టకు. వాళ్ళకై వాళ్ళే అనాలి. మంచి మాట ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది," అన్నాడు మొదటి రోజు.

మొదటి చీటీ "అంటుబడి". ఇసుక దింపేశాక లారీ మూలల్లో అంటుకుని మిగిలిపోయేది. ఒక ఇసుక లారీ డ్రైవర్ని ఆపి, మొత్తం దింపేశాక కూడా మూలల్లో కాస్త మిగిలిపోతుంది కదా, దాన్ని మీ వైపు ఏమంటారని అడిగాను.

"ఇసుక అంటాం," అన్నాడు.

వేరే మాట ఏమీ లేదా అన్నాను. కాసేపు ఆలోచించి, మిగిలిన ఇసుక అంటామన్నాడు. వెనక నాలుగు లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తూకంలో తేడా పట్టుకోవడానికి నేనేదో కొత్త ఎత్తు వేశానని అతనికి అనుమానం వచ్చినట్టుంది, మూలలన్నీ చీపురుతో ఊడ్చి మరీ వెళ్ళాడు. సాయంత్రానికి కాటా దగ్గర నాకు పేరు పెట్టేశారు, "ఏమంటారు మేడం" అని.

మొదటి రెండు వారాలు నేను నిజంగానే అడిగాను. ఆ సంగతి ఎవరు నమ్మినా నమ్మకపోయినా నాకు తెలుసు. పదకొండు మాటలకి రెండో నోరు దొరికింది. పదకొండూ వజ్రాల్లాంటివి. కానీ రెండొందల నలభై కావాలి. ఇంటికి వెళ్ళేసరికి నాన్న మంచం మీద వీపు నిటారుగా పెట్టుకుని తలుపు వైపే చూస్తూ ఉండేవాడు. "ఏమైనా?" అనేవాడు. "ఇవాళ లేదు నాన్నా" అంటే, "పర్లేదు పర్లేదు" అని కంచం అంచు మీద మెతుకులు సర్దుతూ కూర్చునేవాడు. అమ్మ నాకేసి చూసేది. ఆయన్ని మంచాన పడేసింది నేనే అన్నట్టు.

ఇలాంటివి ఎంత చిన్నగా మొదలవుతాయో చెప్తే నవ్వొస్తుంది. ఆ రోజు వాన. కాటా గుంటలోకి నీళ్ళు వచ్చి ముల్లు నిలబడదు, ఓనరు నా మీద ఎగిరాడు, ఒక డ్రైవరు తూకం చీటీ చింపి మొహాన కొట్టాడు. నా తలప్రాణం తోకకొచ్చింది. పది చీటీలూ సంచిలోంచి బయటికే తీయలేదు. తడిసి ముద్దయి ఇంటికొస్తే మళ్ళీ అదే, "ఏమైనా?"

పై చీటీ "వెలిచార". మూసిన తలుపు సందులోంచి నేల మీద పడే సన్నటి వెలుగు గీత. నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక కమ్మరి నోట విన్నాడు. ముప్ఫై అయిదేళ్ళుగా రెండో మనిషి దొరకలేదు.

"వెలిచార దొరికింది," అన్నాను.

ఆయన దిండు మీంచి లేవబోయాడు, నొప్పికి మళ్ళీ వాలిపోయాడు. ఎవరు, ఏ వైపు, ఏమన్నాడు అని ఒక్క ఊపిరిలో అడిగాడు. అద్దాల లోడు డ్రైవరన్నాను. నదికి అవతలివైపు మనిషన్నాను. మా కాటా గది తలుపు సరిగ్గా పడట్లేదని చూపిస్తూ, "ఆ వెలిచార చూశారా, రేపు వాన కూడా ఆ దారినే వస్తుంది" అన్నాడని చెప్పాను. వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నోరు తెరిస్తే వచ్చేసింది.

నాన్న ఆ వాక్యాన్ని చీటీ వెనక రాస్తూ ఏడ్చాడు. ఆ రోజు రెండోసారి వడ్డించమన్నాడు. అమ్మ వంటింట్లోకి వచ్చి నా తల తుడుస్తూ, "రోజూ ఒకటి దొరికితే ఈయన నెల తిరక్కుండా లేచి నడుస్తాడే" అంది. ఆమెకి తెలిసి అందో తెలియక అందో నేను అడగలేదు. ఆమె కూడా నన్ను ఏమీ అడగలేదు.

ఆ తర్వాత రోజుకి ఒకటి, రెండు, నాలుగు. పూర్తిగా మానేశానని కాదు, అప్పుడప్పుడు అడిగేదాన్ని. ఓపిక లేనప్పుడు మాట నేనే అందించేదాన్ని. "దీన్ని ఇలా అంటారు కదా?" అంటే, లారీ కదలాలన్న తొందరలో ఉన్నవాడు "ఆఁ ఆఁ, అలాగే అంటాం" అనేవాడు. దాన్ని నిజం కింద వేసుకునేదాన్ని. మిగతావి తిరుగు దారిలో బస్సులో కూర్చుని తయారు చేసేదాన్ని. ఎవరు చెప్పారు, ఏ వైపు మనిషి, ఏ వాక్యం. సిగ్గు లేకుండా ఒప్పుకుంటాను, ఆ వాక్యాలు కట్టడం నాకు సరదాగా ఉండేది. చిన్నప్పటి నుంచి నన్ను నోరుగల్ల పిల్ల అనేవాళ్ళు. ఆ నోటికి మొదటిసారి ఒక పని దొరికింది. నేను కట్టిన మాటకి నాన్న నవ్వితే, ఆ నవ్వు నాకే అనుకునేదాన్ని.

జంటపెట్టె నిండుతూ వచ్చింది. నాన్న మంచం మీదే బోర్లా పెట్టిన పళ్ళెం మీద కాగితాలు పెట్టుకుని, అక్షరాల వరసలో మంచి కాపీ రాయడం మొదలుపెట్టాడు. సగం అయ్యాక సంస్థకి పంపించేశాడు కూడా. చాలా బాగుంది, మిగతా సగం కోసం ఎదురుచూస్తున్నామని వాళ్ళు రాశారు. నాన్న ఆ ఉత్తరాన్ని అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాడు. అమ్మ, "నా సవతులకి పెళ్ళి కుదిరిందన్నమాట" అంది. ముగ్గురం నవ్వాం. ఇంకా యాభై మూడు మాటలు చాలు. వానలు ఇంకో నెలన్నర పైనే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్న ఇచ్చిన పదింటిలో "జవికె" అని ఒకటి ఉంది. చాలాసేపు తాడు లాగి పట్టుకున్నాక వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోకపోవడమని అర్థం. మొదట చెప్పిన మనిషి చోట పడవవాడని రాసి ఉంది. ఆ రోజు నేను ఎవర్నీ అడగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, బస్తాలు మోసే హమాలీ ఒకడు టీ గ్లాసు పట్టుకోలేక జారవిడిచి, "చెయ్యి జవికె పట్టేసింది మేడం, ఇప్పుడు నా పెళ్ళాం చెయ్యి పట్టుకున్నా నాకు తెలీదు" అన్నాడని చెప్పాను. మంచి వాక్యం కుదిరిందని నా మనసులో మురిసిపోయాను.

నాన్న నవ్వలేదు. చీటీ తీసుకుని వెనక నెమ్మదిగా రాశాడు. అన్ని అక్షరాలు రాయడానికి అంతసేపు పట్టదు. ఆ రోజు భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు పొద్దున్న నా డబ్బా మీద చీటీలు లేవు. మర్చిపోయాడేమో అనుకుని గదిలోకి వెళ్ళాను. ఆ చీటీ ఒక్కటే పక్క మీద పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చోమన్నాడు. బస్సు టైమైపోతోందన్నాను. అయినా కూర్చోమన్నాడు.

"జవికె అన్న మాట లేదమ్మా," అన్నాడు.

"అంటే?"

"నేనే కట్టాను. నిన్న పొద్దున్న పళ్ళు తోముకుంటూ."

నాన్న గొంతు పెంచలేదు. ఇన్నేళ్ళలో తనకి మాటలు తెచ్చిపెట్టిన ప్రతివాళ్ళకీ ఒక ఉత్తచీటీ ఇచ్చేవాణ్ణని చెప్పాడు. లేని మాట రాసి పంపిస్తే, దొరకలేదని తిరిగొచ్చినవాళ్ళనే నమ్మేవాడు. నాకు ఇవ్వాలని ఎప్పుడూ అనిపించలేదట. కానీ మంచి కాపీ రాస్తూ రాస్తూ ఒక సంగతి కనబడింది.

"నువ్వు చెప్పిన డ్రైవర్లు, హమాలీలు, క్లీనర్లు... అందరూ నీలాగే మాట్లాడుతున్నారమ్మా."

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. నేనెలాంటిదాన్నో అక్కడే తెలిసిపోతోంది. "కన్నకూతురికే ఉచ్చు పెట్టావా నాన్నా?" అని అరిచాను.

"పెట్టాను," అన్నాడు. "నువ్వు పడవు అనుకున్నాను."

ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఆయన జంటపెట్టెల్లోంచి ఆ వానాకాలం తేదీలున్న నూట ఎనభై ఏడు చీటీలూ తీయించి మంచం మీద పరిచాడు. ఒక్కొక్కటీ ఎత్తి చూపించి, "అడిగావా? అతను అన్నాడా?" అనేవాడు. మొదటి పదకొండూ గట్టిగా చెప్పాను. "వెలిచార" చీటీ ఎత్తినప్పుడు లేదన్నాను. అది పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నావేనని ఖాయంగా తెలిసినవి అరవై దాకా తేలాయి. తక్కినవాటి దగ్గర నా నోరు పడిపోయింది. ఈ మాట నిజంగా ఎవరైనా అన్నారా, నేను అందిస్తే తలూపారా, బస్సులో నేనే కట్టానా? ఇన్నిసార్లు చెప్పి చెప్పి, నేను కల్పించినవాళ్ళ మొహాలు కూడా నాకు కనబడుతున్నాయి. అద్దాల లోడు డ్రైవరికి మీసం కూడా ఉంది. ఆయన అడుగుతున్నాడు, నేను గుర్తులేదంటున్నాను. అడుగుతున్నాడు, గుర్తులేదంటున్నాను. మధ్యాహ్నానికి ఆయన అడగడం మానేశాడు.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న అమ్మ, పోయినవి పోగా ఉన్నవి పంపించమంది. కాదు, ఎంతమందికి తెలుస్తుంది, అన్నీ పంపించెయ్యి అని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. నా పాపం నేను అనుభవిస్తాను, నీ నలభై ఏళ్ళు మాత్రం పుస్తకంగా రానివ్వమన్నాను. కనీసం, వెయ్యి కుదర్లేదు గడువు పెంచండి అని రాసి ఊరుకోమన్నాను.

"ఎందుకు కుదర్లేదో కూడా రాయాలి కదా. సగం కాపీ వాళ్ళ దగ్గరే ఉంది," అన్నాడు.

రాశాడు. నా ఊసు లేదందులో. "సాక్ష్యాలు సేకరించడంలో మా ఇంట్లో పొరపాటు జరిగింది, బాధ్యత నాది" అని మాత్రమే ఉంది. ఆ ఉత్తరాన్ని పోస్టు చెయ్యమని నా చేతికే ఇచ్చాడు. చింపి పారేద్దామని కాటా దాకా పట్టుకెళ్ళాను, మళ్ళీ వెనక్కి వచ్చి పోస్టు డబ్బాలో వేశాను. ఆ కాలమంతటిలో ఆయన చెప్పింది చెప్పినట్టు నేను చేసిన పని అదొక్కటే. దాంతోనే ఆయన పని అయిపోయింది.

మూడు వారాలకి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. కొన్ని సాక్ష్యాలు సరైనవి కాదని సేకరించినవారే చెప్పాక, మిగతావాటిని నమ్మడానికి తమ దగ్గర వేరే ఆధారం లేదు, కాబట్టి మొత్తం సేకరణని తిప్పి పంపుతున్నామని ఉంది. సగం కాపీ మడత నలగకుండా వెనక్కి వచ్చింది. నాన్న దాన్ని తెరవలేదు. పెట్టెలన్నీ మంచం కిందికి తోసేయమని అమ్మకి చెప్పాడు. తోసేస్తూ ఆమె సవతులనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

నా మీద ఆయనకి కోపం లేదు. ఉంటే బాగుండేది. తిట్టినా, మాట్లాడ్డం మానేసినా ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుందని ఎదురుచూసేదాన్ని. సాయంత్రం ఇంటికొస్తే, "వచ్చావా, తడిశావా?" అని అడిగేవాడు. అంతే. "ఏమైనా?" అనేవాడు కాదు. నేను కాటా దగ్గర జరిగినవి ఏం చెప్పినా, ఎవరిదో లారీ దిగబడిందన్నా, ఓనరికి జ్వరం వచ్చిందన్నా, ఆఁ అని వినేవాడు. ఆ వినడం నాకు తెలుసు. కొట్లో ఎవరైనా గొప్పలు పోతుంటే టేపు చుట్టుకుంటూ అలాగే వినేవాడు.

అప్పుడు మొదలుపెట్టాను నిజంగా అడగడం. ఆయనకి చెప్పలేదు. మంచం కింద నుంచి ఒంటిపెట్టె లాగి, రోజూ పది మాటలు నా నోటుపుస్తకంలో ఎక్కించుకుని వెళ్ళేదాన్ని. ఒక్క మాటా అందించలేదు. లారీలు హారన్లు మోగించినా, ఓనరు ఎగిరినా చుట్టూ తిరిగి తిరిగి అడిగాను. "ఏమంటారు మేడం మళ్ళీ మొదలెట్టింది" అని నవ్వుకున్నారు. ఇరవై రోజులు ఏమీ లేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం, రాళ్ళ లోడు లారీ కాటా పక్కన చాలాసేపు ఆగి ఉంది. దాని డ్రైవరు బాగా పెద్దవాడు, తెల్లటి కనుబొమలు. జల్లు పడి వెలిసింది. ఆయన లారీ ముందుకు తీశాడు. అది ఉన్నంత మేరా నేల పొడిగా, చుట్టూ అంతా బురదగా ఉంది. ఆయన కిందికి దిగి, టార్పాలిన్ మడతపెడుతున్న హమాలీతో, "అక్కడెందుకు, బురదవుతుంది. ఆ పొడినీడలో పరుచు" అన్నాడు.

నేను కిటికీ వదిలేసి పరుగెత్తాను. ఆ రోజు నా నోటుపుస్తకంలో అది ఏడో మాట. కుండలు చేసే ఒకావిడ బండి కింది నేలని చూపించి అన్నదని, నాన్న ఇరవై ఎనిమిదేళ్ళ కిందట రాసుకున్న మాట. నేను అడగలేదు, ఒక్క ముక్క అందించలేదు. ఆయనంతట ఆయనే అన్నాడు. ఆయన మోకాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మా ఇంటికి ఒక్కసారి రావాలి, మా నాన్నతో మాట్లాడాలి అన్నాను. ఆ పెద్దాయన బెదిరిపోయాడు గానీ, నా మొహం చూసి కాదనలేకపోయాడు. సాయంత్రం లోడు దింపేసి లారీలోనే నన్ను ఎక్కించుకుని తీసుకొచ్చాడు. దారిలో నాకు ఆనందం పట్టలేదు. చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను. పొడినీడ అన్నారే, మా నాన్న ఆ మాట కోసమే ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాడని.

నాన్న అప్పటికి కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చోగలుగుతున్నాడు. అమ్మ టీ ఇచ్చింది. నాన్న ఆయన్ని లారీ గురించి అడిగాడు, రోడ్ల గురించి అడిగాడు. మెల్లగా వాన మీదికి మళ్ళించాడు. ఎంత కాలమైంది ఆ మళ్ళించడం చూసి!

"జల్లు పడి వెలిశాక బండి తీస్తారు. కింద నేల ఎలా ఉంటుంది?" అన్నాడు నాన్న.

"పొడినీడ అంటామండీ," అన్నాడు పెద్దాయన వెంటనే. తర్వాత నవ్వుతూ, "అమ్మాయిగారు చెప్పారు, మీకు ఈ మాట కావాలని. ఇంకోసారి అనమన్నా అంటాను," అన్నాడు.

నాన్న కూడా నవ్వాడు. చాలా సంతోషమండీ అన్నాడు. మీ వైపు ఇంకా వానలున్నాయా అని అడిగాడు. పెద్దాయన టీ తాగి, చేతులు జోడించి వెళ్ళాడు. లారీ వీధి మలుపు తిరిగే చప్పుడు దాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. తర్వాత మంచం కింద నుంచి పెట్టె లాగి, చీటీ వెతికి, పెన్సిలుతో సహా ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన చీటీ చూశాడు. పెన్సిలు తీసి మంచం మీద పెట్టాడు.

"మంచి మనిషి, పాపం," అన్నాడు. "నేర్పడానికి ఎన్ని రోజులు పట్టిందమ్మా?"

"నేర్పలేదు నాన్నా. ఒట్టు. నేను నేర్పలేదు," అన్నాను.

నాన్న నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు జ్వరం వస్తే నిమిరినట్టు నిమిరాడు.

"పోనీలే తల్లీ. నా కోసమేగా," అన్నాడు.